సగం పేరు

సెంటేన్,
జూన్ 3, 2008

మాభేలే,

మీ నాన్న నాకొక మాట ఇచ్చి తప్పాడు. నీ ఉత్తరానికి జవాబు అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

యూనియన్ హాలు ముందు సమ్మె రోజుల జ్ఞాపకంగా రాయి నిలబెడుతున్నారనీ, దాని మీద మా అన్నయ్య లిజో పేరు అందరికంటే పైన ఉంటుందనీ, తమ్ముడిగా ఆయన గురించి నేనొక పేజీ రాసివ్వాలనీ రాశావు. రాస్తాను. చదివే ధైర్యం మీ కమిటీకి ఉందో లేదో నాకు తెలియదు.

ఆ గొడవ జరిగినప్పుడు నువ్వు రెండో తరగతో మూడో తరగతో. నీకెవరు ఏమని చెప్పి పెంచారో తెలియదు గనక నా వైపు నుంచి చెప్తాను. నేను మన భాషలో వచ్చే వారపత్రికకు విలేఖరిని. వారంలో సగం పత్రిక పని, సగం యూనియన్ పని. అనాసపళ్ళు కోసి డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ అది. ఆ రసం ఆడవాళ్ళ వేళ్ళను తినేసేది, గోళ్ళ చుట్టూ చర్మం ఊడి వచ్చేది. గ్లౌజులు ఇవ్వమంటే కంపెనీ కుదరదంది. సమ్మె ఆ గ్లౌజుల దగ్గరే మొదలైంది. కరపత్రం నేను రాసేవాణ్ణి, మీ నాన్న బల్ల ఎక్కి చదివేవాడు. చప్పట్లు ఆయనకు. అందుకు నాకు బాధ లేదు, ఆయన గొంతు బాగుండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మండాంట్సానేలో మీ ఇంట్లో సమావేశం జరుగుతుంటే పోలీసు వ్యాను వచ్చింది. అందులోంచి ఒకడు దిగి మీ గుమ్మం చూపించాడు. అందర్నీ పట్టుకుపోయారు. వాళ్ళలో వెలీలే అనే కుర్రాడు లాకప్పులోనే చనిపోయాడు. నేను ఆ రోజు పత్రిక అచ్చు పని మీద కింగ్‌విలియమ్స్‌టౌన్‌లో ఉన్నాను. అక్కడ లేకపోవడమే నా నేరమైంది.

వెలీలే చావు మీద కోర్టు విచారణ జరిగింది. జనాన్ని లోపలికి రానివ్వలేదు. గుమ్మంలో నిలబడి అంతా చూసిన మనిషి మీ అమ్మ. వ్యానులోంచి దిగిందెవరని ఆవిడను అడిగారు. 'నా భర్త తమ్ముడు' అని చెప్పినట్టు పత్రికలో వచ్చింది. నా పత్రికలోనే వచ్చింది. నా పక్క బల్లవాడు ఇంగ్లీషు పేపరు చూసి అనువాదం చేశాడు. మా సంపాదకుడు నన్నొక్క మాట అడక్కుండా అచ్చేశాడు. ఆయన ఇప్పుడు ఏదో కాలేజీలో పత్రికా ధర్మం గురించి పాఠాలు చెబుతున్నాడని విన్నాను. చెప్పుకోనీ.

పత్రిక వీధిలోకి రాకముందే మీ తాత నన్ను లేపి ఈ ఊరికి, మా మేనత్త ఇంటికి పంపేశాడు. 'ఆవుల్ని చూసుకో. నేను పిలిచేదాకా రాకు' అన్నాడు. పోలీసుల మనిషని పేరు పడ్డవాణ్ణి మెళ్ళో టైరు వేసి తగలబెడుతున్న రోజులవి. నన్ను నమ్మినవాడు ఆయనొక్కడే. మళ్ళీ పిలవకుండానే పోయాడు, నేను ఇక్కడే ఉండిపోయాను.

జైలుకు వెళ్ళి మీ నాన్నను చూశాను. మధ్యలో అద్దం. 'తమ్ముడూ, నేను బయటికొచ్చిన రోజే హాలులో అందరి ముందూ చెప్తాను, ఆ పని చేసింది నువ్వు కాదని. అప్పటిదాకా ఓర్చుకో' అన్నాడు. ఓర్చుకున్నాను. ఆయన విడుదలైన రోజు హాలు కిటికీ బయట, కోటు కాలరు పైకి లాక్కుని నిలబడ్డాను. లాయర్లను తలుచుకున్నాడు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళను తలుచుకున్నాడు. పాటలు పాడినవాళ్ళను తలుచుకున్నాడు. మైకు అద్దెకిచ్చినవాణ్ణి కూడా తలుచుకున్నాడు. నా సంగతి ఎత్తలేదు.

నువ్వడిగిన పేజీ ఇదే. చదివిస్తే చదివించు, లేకపోతే పొయ్యిలో పెట్టుకో. అక్కడ కూడా చలి మొదలై ఉంటుంది.

మీ చిన్నాన్న
మకాయా


జొహానెస్‌బర్గ్,
జూన్ 25, 2008

చిన్నాన్నా,

మీరు ఆరోగ్యంగా ఉన్నారనుకుంటాను. ఉత్తరంలో ఆ సంగతి రాయలేదు.

నాన్న గురించి ఒక పేజీ అడిగితే నాన్న మీద ఒక పేజీ రాశారు. స్కూల్లో, టీచర్ల గదిలో చదివాను. పక్కన కూర్చున్నావిడ 'ఇంట్లో ఎవరైనా పోయారా' అని అడిగింది.

మా ఇంట్లో మీ పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. ఎప్పుడైనా పొరపాటున వస్తే నాన్న లేచి బయటికి వెళ్ళి కారు తుడిచేవాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న కారును. మాకు తెలిసింది అంతే. మిగతాది వీధిలో పిల్లలు చెప్పారు, ఎలా చెప్పి ఉంటారో మీరు ఊహించుకోగలరు.

రాయి మీద ఎవరెవరి పేర్లు ఉన్నాయో కనుక్కున్నాను. నాన్న, వెలీలే, మన పాస్టరు థెంబెకిలే గారు, ఇంకా కొందరు పోయినవాళ్ళు, కొందరు బతికున్నవాళ్ళు. మీ పేరు లేదు. కమిటీ చైర్మన్‌కు ఫోన్ చేశాను. ఆయన, 'అమ్మాయీ, ఆ పేరు ఎక్కిస్తే వెలీలే వాళ్ళమ్మ రాదు. ఆవిడ రాకపోతే ఎవరూ రారు. రాయి చుట్టూ మేకలు తిరుగుతాయి. నువ్వు చదువుకున్నదానివి, మమ్మల్ని ఇరికించకు' అన్నాడు.

అందుకని అమ్మనే అడిగాను. అమ్మ సంగతి మీకు తెలియదు కదా, ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. పది అడుగులు వేస్తే ఆయాసం. మొన్న సూప్ తాగిస్తూ, 'అమ్మా, ఆ రోజు వ్యానులోంచి దిగిందెవరు?' అన్నాను. గోడవైపు తిరిగి 'భేలే' అంది.

'ఏ భేలే? చిన్నాన్నా?'

'మీ నాన్న తమ్ముడే' అంది. సూప్ చాలు, గిన్నె తీసెయ్యి అంది.

ఇన్నేళ్ళ తర్వాత కూడా అదే మాట. నాకేం చేయాలో తోచడం లేదు. కొట్టి చెప్పించేవాళ్ళనీ, తట్టుకోలేక లొంగిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారనీ నాకు తెలుసు. అలాంటిదే మీకూ జరిగి ఉంటే నేను మిమ్మల్ని ద్వేషించను. నిజంగా. నాతో చెప్పొచ్చు.

మీ
బులెల్వా


సెంటేన్,
జూలై 9, 2008

మాభేలే,

అడక్కుండానే క్షమించేశావు. సంతోషం. స్కూల్లో ఏం పాఠం చెబుతావో రాయలేదు. చరిత్ర కాకుండా ఉంటే బాగుండు.

ఆరోగ్యం అడిగావు. మోకాళ్ళు పోయాయి, కళ్ళున్నాయి. కళ్ళున్నంతకాలం చదువుకోవడానికి పుస్తకాలున్నాయి. ఇక్కడ పుస్తకం పట్టుకున్నవాడు నేనొక్కణ్ణే గనక నన్ను మంత్రగాడనుకుంటారు. ఊళ్ళో గొడవలొస్తే నా దగ్గరికి రారు. అదొక లాభం.

ఇక విషయం. ఓపికగా చదువు.

మీ అమ్మ 'భేలే' అంది, మీ నాన్న తమ్ముడంది; కోర్టులోనూ అదే అని ఉంటుంది. భేలే అంటే ఎవరు? నేను భేలే. మీ నాన్న భేలే. నువ్వు ఆ వంశపు ఆడపడుచువు గనకే నిన్ను మాభేలే అంటాను. రైల్లో ఎవడో ముక్కూమొహం తెలియనివాడు తను భేలే అని చెప్తే వాడు నాకు అన్నో తమ్ముడో అవుతాడు, వాడికి నా రొట్టెలో సగం ఇస్తాను. మన ఇంటికి కోడలుగా వచ్చినావిడకు మగ భేలేలందరూ భర్త అన్నదమ్ములే. ఇది మనవాళ్ళకు విడమరచి చెప్పే సంగతి కాదు. ఇంగ్లీషులో మాత్రం భర్త తమ్ముడంటే ఒకే తల్లి కడుపున పుట్టినవాడు. కోర్టు దుభాషికి రెండు భాషలూ వచ్చు. ఆ రోజు ఆయనకు భోజనానికి వేళైంది.

సరే, మీ అమ్మ మనిషి పేరు చెప్పకుండా వంశం పేరు ఎందుకు చెప్పింది? కోడలు మామగారి పేరు పలకదు. ఆ పేరులో ముక్క కలిసే ఏ మాటనూ పలకదు. నీకు చిన్నప్పుడు వింతగా అనిపించలేదా? మీ తాత పేరుకు నమ్మకం అని అర్థం. కాబట్టి మీ అమ్మ ఆ గడప తొక్కిన రోజు నుంచి ఎవర్నీ నమ్మలేదు, ఆనుకుంది. 'దేవుడి మీద ఆనుకున్నాను.' 'ఆ కొట్టువాడి మీద ఆనుకోకు, తూకం తక్కువ.' నేను ఏడిపించేవాణ్ణి: 'వదినా, దేవుడు కాస్త పక్కకు జరిగాడంటే బోర్లాపడతావు.' చీపురు విసిరేది. మంచి గురి ఆవిడది.

మీ తాత పేరు నేనిక్కడ రాయను. కొడుకులు కూడా తండ్రి పేరు ఊరికే వాడరు. ఆ పేరుకు ఇంకొంచెం తోక తగిలిస్తే వచ్చే పేరుగల భేలే ఒకడు మన సమావేశాలకు వచ్చేవాడు. వాడి పేరు నీ ఉత్తరంలోనే ఉంది. రాయి మీద కూడా ఎక్కుతుందన్నావు. పాస్టరు అన్నావు, గారు అన్నావు.

ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలంలోనే ఇదంతా నాకు తట్టింది. రాసి సంపాదకుడికి పంపాను. తిప్పి పంపాడు. జైల్లో మీ నాన్నకు చెప్పాను, ఆయన కాదనలేదు. అందుకే ఆ మాట ఇచ్చాడు.

నాకు పూలదండ వద్దు, కుర్చీ వద్దు. రాయి మీద నా పేరు కావాలి. అదీ వెలీలే వాళ్ళమ్మ బతికుండగా. ఆవిడ తన కొడుకును నా వెంట పంపిన మనిషి. నేను పట్టివ్వలేదని తెలుసుకుని పోవాలి ఆవిడ. ఇంకేదీ అక్కర్లేదు.

నువ్వు కూతురివి, నీకు నిషేధం లేదు. మీ అమ్మ దగ్గర కూర్చుని ఆ పాస్టరు పేరు నువ్వే పలుకు. ముఖం చూడు.

మీ చిన్నాన్న
మకాయా


జొహానెస్‌బర్గ్,
ఆగస్టు 3, 2008

చిన్నాన్నా,

ముందు క్షమించమని అడుగుతున్నాను. నాకు మన భాష వంటింటి వరకే వచ్చు. తాత పేరు థెంబా, పాస్టరు పేరు థెంబెకిలే. రెండూ నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఎప్పుడూ చూడలేదు.

మీరు చెప్పినట్టే చేశాను. అమ్మ ఎండలో కూర్చుంది. పక్కన కూర్చుని, 'అమ్మా, థెంబెకిలేనా?' అన్నాను. శాలువా ముఖం మీదికి లాక్కుంది. ఏడుస్తోందనుకున్నాను. తీసి చూస్తే కళ్ళు పొడిగానే ఉన్నాయి.

'ఎవరు చెప్పారు నీకు?'

'చిన్నాన్న.'

'ఆయనకెప్పుడు తెలిసింది?'

'మొదటి ఏడే.'

'మరి నోరు మూసుకుని కూర్చున్నాడేం?'

'మూసుకోలేదమ్మా. ఎవరూ వినలేదు.'

'నీ చిన్నాన్న మాట్లాడితే ఎవరైనా వినకుండా ఉండగలరా? చెవులు నొప్పెట్టేదాకా వదలడు' అంది. నవ్వింది కూడా. ఆ తర్వాత చెప్పింది. ఇక్కడి నుంచి రాయడానికి నాకు వారం పట్టింది.

కోర్టు నుంచి వచ్చిన సాయంత్రమే అమ్మ తాత దగ్గరికి వెళ్ళిందట. దుభాషి మార్చి చెప్పిన మాట అమ్మకు అక్కడే చెవిన పడిందట. ఏం చేయాలో తెలియక ఊరుకుందట. తాత ముందు మోకాళ్ళ మీద కూర్చుని, 'నాన్నగారూ, ఒక్క పేరు కోసం నా నోరు విడిపించండి. రేపు మళ్ళీ వెళ్ళి సరిచేసి వస్తాను' అని అడిగిందట. మామగారు ఒప్పుకుంటే పలకొచ్చట కదా. తాత పైపు చేతిలో పట్టుకుని, వెలిగించకుండా కూర్చున్నాడట. చివరికి ఇలా అన్నాడట:

'వద్దు. ఆ పేరు బయటపడితే వాడికి టైరు వేస్తారు. వాళ్ళమ్మకు వాడొక్కడే. నాకిద్దరు. మకాయాను నేను దాచుకోగలను.'

మీరు జైలుకు వెళ్ళి వచ్చాక తాత కూడా వెళ్ళాడట. నాన్న చేత ప్రమాణం చేయించాడట, తను విడిపించేదాకా నోరు విప్పకూడదని. విడిపించకుండానే పోయాడు. 'పోయినవాణ్ణి ఎలా అడుగుతాం?' అంటుంది అమ్మ. నాన్న కూడా అదే అనేవాడట.

ఇదీ జరిగింది. చిన్నాన్నా, నాకొకటి అనిపిస్తోంది, కోప్పడకండి. తాత ఒక ప్రాణం కాపాడాడు. మిమ్మల్ని ఊరు దాటించి మీ ప్రాణమూ కాపాడాడు. అలా కూడా చూడొచ్చు కదా?

సెప్టెంబరు 24న రాయి నిలబెడతారు. అమ్మ వస్తానంటోంది. తనే మైకు తీసుకుని చెప్తానంటోంది, పేరుతో సహా. 'నా మామగారికి పైకి వెళ్ళాక జవాబు చెప్పుకుంటాను' అంది. మీరు రావాలి. మీరు ఉంటే బాగుంటుంది.

మీ
బులెల్వా


సెంటేన్,
ఆగస్టు 20, 2008

మాభేలే,

నీ ఉత్తరం అందింది. ఒకసారి చదివాను.

సముద్రం వైపు నుంచి గాలి వదలడం లేదు. పాకకప్పు రేకు ఒకటి లేచిపోతే పక్కింటివాళ్ళు రాళ్ళు పెట్టి వెళ్ళారు. ఎర్ర ఆవు ఈనింది, పెయ్యదూడ. పొదుగు వాచింది, పాలు తాగనివ్వడం లేదు.

నేను రాను. మీ అమ్మను అంత దూరం తిప్పకు. నా పేరు ఎక్కించమని అడిగాను, ఇప్పుడు అడగడం లేదు.

మకాయా


జొహానెస్‌బర్గ్,
సెప్టెంబరు 30, 2008

చిన్నాన్నా,

మీ చిన్న ఉత్తరం చూసి మీరు తాతను క్షమించేశారనుకున్నాను. అమ్మకు కూడా అలాగే చెప్పాను. అమ్మ మాత్రం, 'ఆయన చిన్న ఉత్తరం రాశాడంటే ఒంట్లో బాగాలేకన్నా ఉండాలి, కోపమన్నా అయ్యుండాలి' అంది. ప్రయాణం మానలేదు. కారు వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్ళాను.

హాలు ముందు టెంటు వేశారు. జనం బాగా వచ్చారు. అనాసపళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసిన ఆడవాళ్ళు ఒకేచోట కూర్చున్నారు. చేతులు చూస్తే గుర్తుపట్టొచ్చు. వెలీలే వాళ్ళమ్మ ముందు వరుసలో కూర్చుంది. ఆవిడ పక్కనే పోయిన పాస్టరు గారి భార్య, ఒళ్ళో మనవరాలు. వాళ్ళిద్దరూ ఒకే దుప్పటి కప్పుకున్నారు. ఆ రోజు కూడా చలిగానే ఉంది.

ఉపన్యాసాలయ్యాక అమ్మ చేయెత్తింది. లిజో భార్య కదా, మైకు ఇచ్చారు. చక్రాల కుర్చీలోంచి లేస్తానంది. నేను పట్టుకుని లేపాను. నల్ల తలగుడ్డ సరిచేసుకుని, 'ఆ ఆదివారం మా గుమ్మం చూపించిన మనిషి పేరు నేను సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను' అంది.

'థెంబా' అంది.

అక్కడితో ఆగిపోయింది.

చిన్నాన్నా, ఆ తర్వాత జరిగింది ఎలా రాయాలి? ముసలివాళ్ళంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. మామగారి పేరు మైకులో పలికింది కదా. ఒకావిడ పరుగెత్తుకొచ్చి అమ్మ భుజాల మీద శాలువా కప్పింది. చైర్మన్ మైకు తీసుకుని, 'పెద్దావిడకు వయసైంది. మామగారిని తలుచుకుంటున్నారు. పెద్దల్ని తలుచుకోవడం మంచిదే' అన్నాడు. ఎవరో పాట ఎత్తుకున్నారు. అందరూ అందుకున్నారు.

మిగతా సగం నేను చెప్పి ఉండాల్సింది. అమ్మ పక్కనే నిలబడ్డాను, మైకు చేతికి అందేంత దూరంలో ఉంది. ఆ మనవరాలు నాన్నమ్మ గుండీతో ఆడుకుంటోంది. నాకు నోరు రాలేదు.

వెలీలే వాళ్ళమ్మ తర్వాత నన్ను పక్కకు పిలిచింది. మీ గురించి అడుగుతుందేమో అనుకున్నాను. 'మీ అమ్మ పలకకూడని పేరు పలికింది. ఇంటికెళ్ళగానే మేకను కోయించు. పెద్దలు నొచ్చుకుంటారు' అంది.

కారులో, 'సగమే చెప్పావమ్మా' అన్నాను. 'నీకేం తెలుసు' అని కళ్ళు మూసుకుంది. అప్పట్నుంచి ఆ ఊసెత్తడం లేదు.

మేకను కోయించమంటారా? మగవాళ్ళు చెప్పాలి కదా. మనింట్లో ఇక మిగిలింది మీరే.

మీ
బులెల్వా


సెంటేన్,
అక్టోబరు 14, 2008

మాభేలే,

మేకను కోయించకు. ఎవరూ నొచ్చుకోలేదు. నొచ్చుకున్నా నాకేం ఫరవాలేదు.

నువ్వు సిగ్గుపడాల్సిన పని లేదు. ఎదురుగా ఒక ముసలావిడ, ఒళ్ళో పాప ఉంటే నీ నోరు రాలేదు. ఆ పోలిక మీ తాత నుంచి వచ్చింది. నీకు తోచింది నువ్వు చేశావు. నువ్వు కాపాడిందీ వాళ్ళనే, ఆయన కాపాడిందీ వాళ్ళనే.

నేను పత్రికకు రాయను. పాత యూనియన్ గొడవ ఎవడు చదువుతాడు? సంపాదకుణ్ణి వదిలేశాను, అంత ఓపిక లేదు. దుభాషి ఎప్పుడో పోయి ఉంటాడు. థెంబెకిలేను పోలీసులు ఏం చేశారో నేను చూడలేదు. చెప్పించడానికి వాణ్ణి వేలాడదీసే ఉంటారు. వెలీలేను చంపిన చేతులే కదా. పాస్టరుగా వాడు ప్రతి ఆదివారం ఎవరి కోసం ప్రార్థించాడో వాడికే తెలుసు. నా పేరు వస్తే మీ నాన్న వెళ్ళి కారు తుడిచేవాడని రాశావు. ఆ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే ఆయన ఒకసారి ఇక్కడికి వచ్చినప్పుడు ఆవుల గురించి కాక ఇంకేదైనా మాట్లాడేవాణ్ణి.

కొన్నాళ్ళుగా ఒక్కటే గుర్తొస్తోంది. మీ తాత నన్ను లేపిన పొద్దు. నేను లేచేసరికి టీ పెట్టి ఉంచాడు. ఆయన జన్మలో టీ పెట్టి ఎరగడు, చక్కెర బదులు ఉప్పు వేశాడు. తాగాను. 'పేపర్లో నీ గురించి రాస్తున్నారు' అన్నాడు. పేపరు ఇంకా కట్టలు కూడా విప్పలేదు. నీకెలా తెలిసింది నాన్నా అని నేను అడగలేదు. తండ్రికి అన్నీ తెలుస్తాయనుకున్నాను. బస్సు దగ్గర నా కోటు గుండీలు ఆయనే పెట్టాడు, చిన్నపిల్లాడికి పెట్టినట్టు. నాకప్పుడు నెరిసిన జుట్టుంది. ఇన్నేళ్ళూ, ఎవడేమన్నా సరే, ఆ గుండీలు తలుచుకుని పడుకున్నాను.

ఆయన ఒక ప్రాణం కాపాడాడంటావు. కాపాడాడు. వాళ్ళమ్మకు ఒక్కడే, నాకిద్దరు. ఆ లెక్కలో తప్పు పట్టడం ఎవరి తరమూ కాదు. ఇద్దరిలో నేనెందుకని కూడా అడగను. నేను పెళ్ళాం పిల్లలు లేనివాణ్ణి, మీ నాన్నకు నువ్వున్నావు. అది కూడా సరైన లెక్కే. టీ తాగుతున్నప్పుడు ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది: 'ఒరే, వాడి బదులు నీ పేరు ఉంచనా?' నేను ఒప్పుకునేవాణ్ణేమో. కచ్చితంగా ఒప్పుకునేవాణ్ణి. ఇక్కడ ఆవుల మధ్య తలెత్తుకుని బతికేవాణ్ణి. నా పేరు నేనిచ్చినట్టు ఉండేది. ఆయన నన్ను అడగలేదు. ఇచ్చేశాడు.

ఇక మీ అమ్మ సంగతి. సగం చెప్పి ఆగిపోయిందని నువ్వనుకున్నావు. మామగారిని తలుచుకుందని వాళ్ళనుకున్నారు. నా పేరు ఆ రాయి మీదికి రాకుండా చేసిన మనిషెవరో చెప్పడానికి లేచిందావిడ, చెప్పింది, కూర్చుంది. ఆవిడ ఆగలేదు. నీకేం తెలుసు అన్నది అందుకే. మా వదినకు నా నమస్కారాలు చెప్పు. పూర్తిగా వినపడిందని చెప్పు.

సంపాదకుణ్ణి, దుభాషిని, చైర్మన్‌ను, మీ నాన్నను, ఆ పాస్టరును, అందర్నీ దింపేశాను. మోయలేను. ఒక్కరి మీద మాత్రం కోపం మిగిలింది, అది నాతోనే వస్తుంది. కోడలు పలకకూడని ఆ పేరును మీ అమ్మ పలికింది గనక, కొడుకు రాయకూడని చోట నేనూ రాస్తున్నాను.

థెంబా. మా నాన్న.

మకాయా